ఒక్కసారే చదివిన ప్రకటన

ఆ రేడియో కేంద్రానికి వెళ్ళాలంటే మార్కెట్ వీధిలో టైర్ల కొట్టు పక్కన పదహారు మెట్లు ఎక్కాలి. ఎక్కాక ఎడమ పక్క ఆఫీసు గది, కుడి పక్క స్టూడియో, మధ్యలో అద్దం. కేంద్రమంటే అంతే. మేడ మీద ఇనుప స్తంభం లేకపోతే ట్యూషన్లు చెప్పే చోటనుకుంటారు. అలా అనుకుని పిల్లల్ని చేర్పించడానికి వచ్చినవాళ్ళూ ఉన్నారు.

ఇరవై రెండేళ్ళుగా ఆ మెట్లెక్కుతున్న మనిషికి అసలు పేరేదో ఉంది గాని, ఊళ్ళో అందరికీ ఆవిడ రేడియో అక్కయ్యే. అందరికీ అనడానికి ఈ మధ్య ఆవిడకే నోరు రావడం లేదు. ఇంట్లోవాళ్ళే వినరు. "అమ్మా, పొద్దస్తమానం ఇంట్లో నీ గొంతు వింటూనే ఉన్నాం కదా, మళ్ళీ రేడియోలో కూడానా?" అంటుంది కూతురు, చెవుల్లో ఆ తెల్ల బిరడాలు దోపుకుంటూ. వాళ్ళ నాన్న పేపరు చాటు నుంచి నవ్వుతాడు. అక్కయ్య కూడా నవ్వేసి ఊరుకుంటుంది. నవ్వేసినంత తేలిగ్గా ఏమీ ఉండదు.

ఆ రోజు మాత్రం నవ్వులాట కాదు. పెద్ద ఆఫీసు నుంచి అధికారి దిగాడు. ఇలాంటి చిన్న కేంద్రాల్లో ఏవి ఉంచాలో, ఏవి మూసెయ్యాలో తేల్చడానికి ఊరూరా తిరుగుతున్నాడాయన. మనిషి చెడ్డవాడేం కాదు. కూర్చోమంటే కూర్చున్నాడు, మంచినీళ్ళిస్తే తాగాడు. తాగి, ఫోను తీసి బల్ల మీద పెట్టి ఆవిడ వైపు తిప్పాడు.

"మీ ప్రసారం యాప్‌లో కూడా వస్తోంది కదమ్మా. ఈ నిమిషాన ఎంతమంది వింటున్నారో చూడండి."

తెర మీద పదకొండు అని ఉంది.

"అందులో ఒకటి నా ఫోనే," అన్నాడు.

అద్దానికి అవతల మీటర్ల బాబాయి దగ్గాడు. గొంతు ఎంత ఎత్తున వెళ్తోందో చూపించే మీటర్ల ముందు కూర్చునే జీవితం గడిపేసిన పెద్దాయన. మనుషుల మొహాలకన్నా ముల్లు ఊగడమే ఆయనకి ఎక్కువ అర్థమవుతుంది. ఇంకో ఏడాదిలో రిటైరైపోతాడు గనక ఆయనకి పెద్ద బెంగ లేదు. బెంగంతా అక్కయ్యదే.

"యాప్‌లో కాదండీ, మావాళ్ళు రేడియో పెట్టెల్లో వింటారు," అంది.

"పెట్టెలు లెక్కలోకి రావు కదమ్మా. వింటున్నామని ఎవరైనా ఎప్పుడైనా చెప్పారా మీకు?"

ఒకప్పుడు ఉత్తరాలు గోనెసంచుల్లో వచ్చేవి. ఇప్పుడు నోటీసు బోర్డు మీద మూడు నెలలుగా ఒకే ఒక్క కార్డు ఉంది. అక్కయ్య దాని గుండుసూది పీకి, పెళ్ళిపిల్లని చూపించినంత భయంగా ఆయన చేతికిచ్చింది. పెన్సిల్ రాత, గుండ్రటి అక్షరాలు.

"రేడియో అక్కయ్య గారికి. మేము ఏటి ఇసుకలో పుచ్చపాదులు వేసుకునే వాళ్ళం. రోజూ మధ్యాహ్నం మీ ప్రకటనలు విని కట్టేస్తాం. మళ్ళీ మర్నాటి దాకా పెట్టం. రేడియో సెల్లు తొందరగా అయిపోతున్నాయి, ఇక్కడికి తెచ్చిపెట్టేవాళ్ళు లేరు. పాటలు వినడం లేదని ఏమీ అనుకోవద్దు. మొన్న మంగళవారం మీకు జలుబు చేసినట్టుంది, తగ్గిందా? ఇది మా నాయనమ్మ చెప్తుంటే రాశాను."

అధికారి చదివి కార్డు బల్ల మీద పెట్టాడు. "మూడు నెలలకి ఒక కార్డు. అందులోనూ పాటలు వినడం లేదని రాశారు."

అక్కయ్యకి చిర్రెత్తుకొచ్చింది. కాని ఆ సమయానికే ఫోను మోగింది. నీటి పారుదల శాఖ గుమాస్తా. ఆయన చెబుతుంటే ఆవిడ రాసుకుంటోంది.

ఇక్కడ వాళ్ళ కాగితాల సంగతి ఒకటి చెప్పాలి. మైకు ముందు పలచటి కాగితం చదివితే ఆ గరగర అంతా ఊరికి వినిపిస్తుంది. అందుకని స్టూడియోకి మందపాటి మెత్తటి కాగితం వాడతారు. నాలుగేళ్ళుగా కొత్త కాగితం రావడం ఆగిపోయింది. దాంతో ఒకసారి చదివేసిన ప్రకటనల వెనక వైపునే కొత్తవి రాసుకోవడం అలవాటు చేసుకున్నారు. ఏ శాఖ కాగితాలు ఆ శాఖ అట్టకే గుచ్చి ఉంటాయి. రాయడం అవగానే పాతవైపు ఎర్ర పెన్సిల్‌తో ఈ మూల నుంచి ఆ మూలకి ఒక గీత కొట్టెయ్యాలి. ఈ నాలుగేళ్ళలో ఆ గీత ఏనాడూ మర్చిపోలేదు.

ఆవిడ రాసింది ఇది: ఈ రోజు మధ్యాహ్నం మూడు గంటలకి జలాశయం గేట్లు తెరుస్తున్నారు. దిగువ పట్టణాల తాగునీటి కోసం నీరు వదులుతున్నారు. రెండున్నర తర్వాత ఏటి పాయల్లో మనుషులు గాని పశువులు గాని ఉండకూడదు.

ఎర్ర పెన్సిల్ చేతిలోకి తీసుకుంది కూడా. "ఇంకా చేత్తోనే రాస్తారా!" అని అధికారి ఆ కాగితం ఎత్తి ఇటూ అటూ తిప్పి చూశాడు. ఏదో జవాబు చెప్పింది. కంప్యూటరు ఉందని, ప్రింటరే లేదని. ఆయన కాగితం బల్ల మీద పెట్టేశాడు. గడియారం పన్నెండు ఇరవై ఎనిమిది చూపిస్తోంది. అక్కయ్య పెన్సిల్ అక్కడే వదిలేసి, కాగితాలన్నీ పోగేసుకుని స్టూడియోలోకి పరిగెత్తింది. వెనకాలే ఆయనా వచ్చి మూల కుర్చీలో కూర్చున్నాడు.

ఎర్ర దీపం వెలిగింది. ఆయన వింటున్నాడన్న సోకు ఒకటి ఆవిడకి ఎక్కింది, అబద్ధమెందుకు. మామూలుగా రెండు వాక్యాల్లో అయ్యే పలకరింపు రెండు నిమిషాలు సాగదీసింది. ఈ కేంద్రం ఎన్నేళ్ళ నుంచి ఉంది, ఎంతమందికి ఎన్ని సేవలు చేసింది, అన్నీ ఏకరువు పెట్టింది. అద్దంలోంచి బాబాయి వాచీ మీద వేలితో కొట్టి చూపిస్తుంటే గాని తెలివి రాలేదు. తప్పిపోయిన గేదె, టీకాల శిబిరం, కరెంటు కోత అయ్యేసరికి టైం అయిపోవచ్చింది. చివరికి నీటి పారుదల ప్రకటన. ప్రతి ప్రకటనా రెండుసార్లు చదవాలని నియమం. ఆ చివరిది మాత్రం ఒక్కసారే చదివి, నమస్కారం చెప్పి మైకు వదిలేసింది.

అధికారి ఏదో ఫోను మాట్లాడుకుంటూ కిందికి, కారు దగ్గరికి వెళ్ళాడు. స్పీకర్లో రాజధాని రిలే పాటలు మొదలయ్యాయి. అక్కయ్య చదివేసిన కాగితాల మీద టైం వేసి సంతకం చెయ్యడానికి కూర్చుంది. చివరి కాగితం మీద తేదీ చూసింది. కిందటేడాది తేదీ.

వెనక్కి తిప్పింది. ఇందాక ఫోనులో విని రాసుకున్న ప్రకటన, తన రాతే.

మళ్ళీ ముందుకి తిప్పింది. "జలాశయం గేట్లు ఈ రోజు తెరవడం లేదు. నీటి విడుదల వాయిదా పడింది. ఏటి పాయల్లో పని చేసుకునేవారు ఎప్పటిలాగే పని చేసుకోవచ్చు." ఇప్పుడే ఊరంతటికీ చక్కగా, స్పష్టంగా, ఎక్కడా తడబడకుండా చదివిన మాటలవి.

చదివేవాళ్ళకి ఇది తెలుసు. నోరు దాని పని అది చేసుకుపోతుంటే బుర్ర ఇంకెక్కడో తిరుగుతుంది. ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో పాఠం చెప్పిన పెద్దాయన అందుకే అనేవాడు, మొదటిసారి వినేవాళ్ళ కోసం చదువు, రెండోసారి నీకోసం చదువు అని. రెండోసారి చదివుంటే రెండో వాక్యంలోనే దొరికిపోయేది.

"బాబాయ్! కొంప మునిగింది."

ఆయన వచ్చి కాగితం రెండు వైపులా చూశాడు. అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "రిలే ఆపాలంటే పెద్ద ఆఫీసు అనుమతి కావాలి," అన్నాడు.

"అనుమతొచ్చే లోపు నీళ్ళొస్తాయి."

ఆయన రిలే తప్పించి మైకిచ్చాడు. ఒంటిగంటకి ఇంకా ఐదు నిమిషాలుంది. అక్కయ్య సవరణ చదివింది. రెండుసార్లు కాదు, మూడుసార్లు చదివింది. తర్వాత నీటి శాఖకి ఫోను చేసింది. గుమాస్తా ఏమాత్రం కంగారు పడలేదు. "అందరి ఫోన్లకీ పొద్దున్నే మెసేజ్ పంపాం మేడం. ఈ రోజుల్లో రేడియో విని ఎవరు దిగుతారు చెప్పండి?" గేట్లు ఆపే అధికారం తనది కాదన్నాడు, అది ఉన్నాయన జలాశయం దగ్గర ఉన్నాడట, అక్కడ సిగ్నల్ ఉండదట. పోలీసులకి చేస్తే, జీపు బయటికి వెళ్ళింది, రాగానే పంపుతామన్నారు.

"ఊరుకో అమ్మాయ్," అన్నాడు బాబాయి మెల్లగా. "సవరణ ఇచ్చేశాం. వినేవాళ్ళుంటే అదీ వింటారు. వినేవాళ్ళే లేకపోతే అసలు గొడవే లేదు. ఆయన కింద ఉన్నాడు, ఈ సవరణ వినలేదు. లాగ్ బుక్‌లో చిన్నగా రాసి పడేద్దాం."

అక్కయ్య కుర్చీలో కూలబడింది. ఎవరూ విని ఉండకూడదు, ఒక్కరంటే ఒక్కరు కూడా విని ఉండకూడదు అని మనసులో గట్టిగా అనుకుంది. అనుకున్నాక సిగ్గేసింది. ఇరవై రెండేళ్ళుగా రోజూ దీనికి సరిగ్గా ఎదురు కోరుకుంటూ ఆ మైకు ముందు కూర్చుంది మరి.

ఎదురుగా బల్ల మీద పోస్టుకార్డు పడి ఉంది. మధ్యాహ్నం మీ ప్రకటనలు విని కట్టేస్తాం. మళ్ళీ మర్నాటి దాకా పెట్టం.

అంటే తప్పు విన్నారు. సవరణ వినలేదు.

చెప్పుల్లో కాళ్ళు ఎలా పెట్టిందో, పదహారు మెట్లు ఎలా దిగిందో ఆవిడకి గుర్తులేదు. కింద అధికారి కారు ఇంజను ఆన్‌లోనే ఉంది, ఏసీ కోసం. ఆయన లోపల కూర్చుని ఫోనులో మాట్లాడుతున్నాడు. ఆటో స్టాండు వీధి చివర. భోజనాల వేళ, ఆటో దొరికి, బేరమాడి, బయలుదేరేసరికి పావుగంట పడుతుంది. ఆటోలో వెళ్తే ఈయనకి ఏమీ తెలియదు. నాలుగడుగులు అటే వేసింది. ఆ పావుగంట ఎవరిదో తలుచుకునేసరికి కాళ్ళు ఆగిపోయాయి. వెనక్కి తిరిగి వచ్చి కారు అద్దం మీద కొట్టింది.

"సార్, తప్పు జరిగింది. నావల్లే. ఏటి దగ్గరికి వెళ్ళాలి, ఇప్పుడే."

ఆయన నోరు తెరిచాడు. ఏం అడగబోయాడో గాని, ఆవిడ మొహం చూసి అడగలేదు. తలుపు తెరిచాడు.

దారి ముప్పావుగంట. ఊరు దాటాక రైలు గేటు పడి ఉంది. గూడ్సుబండి. అక్కయ్య పెట్టెలు లెక్కపెట్టడం మొదలుపెట్టి ఇరవై దాకా వచ్చి మానేసింది. బండి వెళ్ళిపోయినా గేటు లేవలేదు, ఎదురు నుంచి ఇంకోటి వస్తోందట. ఒకటీ ఇరవై, ఒకటిన్నర, ఒకటీ నలభై. కారులో రేడియో పెట్టించింది. పది నిమిషాలకోసారి బాబాయి పాటలు ఆపి వణుకుతున్న గొంతుతో సవరణ చదువుతున్నాడు. మైకు ముందు మాట్లాడటం ఆయనకి అదే మొదటిసారి.

ఆవిడ జరిగిందంతా చెప్పింది. ఎర్రగీత గురించీ చెప్పింది. అధికారి రేడియో గొంతు తగ్గించాడు.

"ఆ కాగితం తిప్పి పెట్టింది నేనేమో," అన్నాడు.

అక్కయ్యకి అది కారెక్కినప్పుడే తట్టింది. ఆ మాట ఆయన నోటే రావడం వింటే ప్రాణం లేచొచ్చింది, ఒక్క క్షణం. "ఎవరు తిప్పినా గీత కొట్టాల్సింది నేను," అంది. "రెండోసారి చదవాల్సిందీ నేనే."

గేటు లేచేసరికి రెండు దాటింది. తర్వాత తారురోడ్డు అయిపోయి గుంతల దారి. ఏటిగట్టు మీద కారు ఆగేసరికి రెండూ ముప్పై ఐదు.

ఎండాకాలం ఏరు. కిలోమీటరు వెడల్పున ఇసుక, మధ్యలో ఎత్తుగా పుచ్చపాదులు, ఈ పక్క పల్లంలో ఎండిన పాయ. నీళ్ళు వదిలితే పాదుల దాకా రావు, పాయ మాత్రం తల మునిగేలా నిండుతుంది. ఆ పాయలోనే, గట్టు నీడ పడే చోట గోనెపట్టాలు పరుచుకుని నలుగురు పిల్లలు నిద్రపోతున్నారు. పక్కనే సామాను మూటలు. కాస్త అవతల ఏడెనిమిది మంది పెద్దవాళ్ళు కాయలు పోగులు పెడుతున్నారు. ఒక ముసలావిడ పీట మీద కూర్చుని, ఒక్కో కాయనీ వేలితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుని వింటోంది.

అక్కయ్య ఇసుకలో పడుతూ లేస్తూ పరిగెత్తింది. "లేవండి! గట్టెక్కండి! నీళ్ళొస్తున్నాయి!"

ఒక కుర్రకోడలు నడుము మీద చెయ్యి పెట్టుకుని చూసింది. "రావమ్మా. పొద్దున మా ఆయన ఫోనుకి అలాగే వచ్చింది. సామానంతా గట్టుకి మోసుకుని కూర్చున్నాం. మధ్యాహ్నం రేడియోలో లేదని చెప్పారు. మళ్ళీ అంతా దించుకున్నాం. ఒకటే మోత, నడుములు పడిపోయాయి."

నిజం వాళ్ళ చేతికే వచ్చింది. గట్టెక్కి క్షేమంగా కూర్చున్న మనుషుల్ని తన గొంతే మళ్ళీ ఇక్కడికి దించింది.

అధికారి ముందుకొచ్చి ఫోను చూపించాడు. "ఇదిగో, ప్రభుత్వం మెసేజే. మూడు గంటలకి గేట్లు తెరుస్తారు. చూడండి."

"ఫోన్లో రోజుకి వంద వస్తాయి బాబూ," అన్నాడు కాయలు పేరుస్తున్న మనిషి, తలెత్తకుండానే. "మొన్న ఏరు పొంగుతోందని వీడియో వచ్చింది. ఏ దేశానిదో ఏమో. సామాను మోసి మోసి చచ్చాం."

"రేడియోలో చెప్పింది తప్పు," అంది అక్కయ్య. "చెప్పింది నేనే. రేడియో అక్కయ్యని నేనే."

అందరూ పని ఆపి ఆవిడ వంక చూశారు. చెదిరిన జుట్టు, ఇసుక కొట్టుకున్న చీర, బొంగురుపోయిన గొంతు. కుర్రకోడలు పక్కకి తిరిగి కిసుక్కున నవ్వింది. పీట మీది ముసలావిడ మాత్రం నవ్వలేదు. కళ్ళు చికిలించి చూసింది. ఆవిడ కళ్ళకి పొర కమ్మి ఉంది.

"ఆవిడ గొంతు ఇలా ఉండదమ్మా," అంది మర్యాదగానే. "నేను రోజూ వింటాను."

రెండూ నలభై. రేడియో పెట్టి వినమందామంటే బాబాయి మళ్ళీ ఎప్పుడు చదువుతాడో, ఆ గొంతు వీళ్ళెరగరు. నెత్తీ నోరూ కొట్టుకుని అరిస్తే ఇంకా పిచ్చిదనుకుంటారు. ఏం చెయ్యాలో తోచక అక్కయ్య ఆ ముసలావిడ ముందు ఇసుకలో చతికిలబడింది. స్టూడియోలో ఎర్రదీపం వెలిగినప్పుడు ఏం చేస్తుందో అదే చేసింది. భుజాలు దించింది. ఊపిరి కడుపు దాకా తీసుకుంది. కళ్ళు మూసుకుని, ఎవరో ఒక్కరు ఎదురుగా కూర్చుని వింటున్నారనుకుంది. రోజూ అలాగే అనుకుని మొదలుపెడుతుంది. ఇవాళ అనుకోవాల్సిన పని కూడా లేదు.

"శ్రోతలకి నమస్కారం. ఇప్పుడు సమయం రెండు గంటల నలభై ఒక్క నిమిషం. నీటి పారుదల శాఖ వారి ముఖ్య ప్రకటన. ఈ రోజు మధ్యాహ్నం మూడు గంటలకి జలాశయం గేట్లు తెరుస్తున్నారు. ఏటి పాయల్లో మనుషులు గాని పశువులు గాని ఉండకూడదు. ఇంతకు ముందు చదివిన ప్రకటన పొరపాటు."

గొంతు ఎక్కడా వణకలేదు. కుర్రకోడలి నవ్వు ఆగిపోయింది. కాయలు పేరుస్తున్న మనిషి నిటారుగా లేచి నిలబడ్డాడు. ముసలావిడ తల కాస్త వంచి, కాయని విన్నట్టే వింది. కాని పీట మీంచి లేవలేదు. ఇంకా దేనికోసమో చూస్తున్నట్టు కూర్చుంది. అక్కయ్యకి అంతలోనే అర్థమైంది.

"ఈ ప్రకటన మరోసారి," అంది.

ఆ మాట వినగానే ముసలావిడ పీట తన్నేసి లేచింది. "ఆవిడేనర్రా! పిల్లల్ని ఎత్తండి! మూటలు వదిలెయ్యండి, ముందు పిల్లల్ని!"

తర్వాత అంతా పరుగే. అధికారి ఒక పిల్లని భుజాన వేసుకున్నాడు, బూట్లు ఇసుకలో కూరుకుపోతే అక్కడే వదిలేశాడు. అక్కయ్య ముసలావిడ చెయ్యి పట్టుకుంది. గట్టు సగం ఎక్కాక ముసలావిడ ఆగి, ఎంతమంది ఉన్నారో పైకి లెక్కపెట్టమంది. పన్నెండు. మళ్ళీ లెక్కపెట్టమంది. పన్నెండే. అప్పుడే మిగతాది ఎక్కింది.

మూడుంబావు దాటాక నీళ్ళొచ్చాయి. పెద్ద చప్పుడేమీ లేదు. మట్టిరంగు నీళ్ళు, ముందు నురగ, పుల్లలూ ఆకులూ నెట్టుకుంటూ పాయ వెంట వచ్చాయి. గోనెపట్టాల్ని ఎత్తుకుపోయాయి. పీట తేలుతూ పోయింది, దాని వెనక అధికారి బూటొకటి. ఇందాక పిల్లలు పడుకున్న చోట నీళ్ళు సుడి తిరిగాయి. కుర్రకోడలు తన పిల్లని గుండెకి అదుముకుని కూర్చుండిపోయింది.

అక్కయ్య ఏడుపు ఆపుకోలేకపోయింది. ముసలావిడ ఆ చెయ్యి వదల్లేదు.

"మధ్యాహ్నం మీరు ఒక్కసారే చదివారు కదమ్మా," అంది. తప్పు పడుతున్నట్టు కాదు, జలుబు సంగతి అడిగినట్టే. "ఇదేంటి, ఇవాళ ఒక్కసారే చదివి వదిలేసింది అని మా కోడలితో కూడా అన్నాను."

"మరి అనుమానం రాలేదా?"

"వచ్చింది. వచ్చినా, మీరు చెప్పారు కదా అని దిగాం."

అక్కయ్య తలదించుకుంది. ఇంతకంటే ఆవిడ నాలుగు తిట్టినా బాగుండేది.

బయలుదేరేటప్పుడు ముసలావిడ కారు దాకా వచ్చింది. "సాయంత్రం కూడా పెట్టి ఉంచుతాం ఇవాళ. సెల్లు పోతే పోయాయి. ఇందాకటి ప్రకటన తప్పని రేడియోలో మీరే చెబితే గాని అవతలి ఒడ్డువాళ్ళు నమ్మరు."

తిరుగుదారిలో అధికారి ఉత్తి కాళ్ళతో కూర్చుని ఫారాలు తీశాడు.

"ఈ పొరపాటు రాయక తప్పదమ్మా," అన్నాడు. "కాగితం నేను తిప్పానని కూడా రాస్తాను. అయినా ఇది చాలు, మూసెయ్యమనడానికి. మీ ఉద్యోగం మీదికి కూడా రావచ్చు."

"రాయండి," అంది అక్కయ్య. "వాళ్ళు విన్నారని కూడా రాయండి."

ఆయన ఆవిడ వంక చూసి, కలం మూత తీశాడు.

ఐదున్నరకి సాయంత్రం ప్రకటనలు. అక్కయ్య పదహారు మెట్లెక్కి, మొహం కడుక్కుని స్టూడియోలో కూర్చుంది. కాగితం వెనక వైపు ఎర్రగీత కొట్టింది. ఒకటి చాలక ఇంకోటి కొట్టింది. బాబాయి అద్దంలోంచి వేళ్ళు మడిచి లెక్క చూపిస్తున్నాడు. ఎవరైనా వింటున్నారా లేదా అన్న దిగులే ఇన్నాళ్ళూ. ఇప్పుడు గట్టు మీద పెట్టె చుట్టూ పన్నెండు మంది కూర్చుని ఉంటారని తెలుసు. అవతలి ఒడ్డున ఎంతమందో తెలియదు. తను ఏం చెబితే అది చేస్తారు.

ఎర్రదీపం వెలిగింది.

"శ్రోతలకి నమస్కారం. ఈ రోజు మధ్యాహ్నం నేను ఒక ప్రకటన తప్పుగా చదివాను. ఒక్కసారే చదివాను. మీరు నమ్మారు. నన్ను క్షమించండి. జలాశయం నుంచి నీటి విడుదల కొనసాగుతోంది. రేపు ఉదయం ఆరు గంటల దాకా ఏటి పాయల్లోకి ఎవరూ దిగకూడదు."

కాగితం ఎత్తి వెనక్కి తిప్పి చూసుకుంది. ఎర్రగీతలు రెండూ అక్కడే ఉన్నాయి. మళ్ళీ ముందుకి తిప్పింది.

"ఈ ప్రకటన మరోసారి," అని, మొదటి మాట నుంచి నెమ్మదిగా, ఒక్కొక్క మాటా తను కూడా వింటూ చదవడం మొదలుపెట్టింది.